రెండెకరాలు, రెండెద్దులు

పెళ్లయి నా చేతుల గోరింటాకు ఇంకా పూర్తిగా పోనేలేదు, మా ఇంట్లో నాకు మొదటి కోపం వచ్చింది. మా ఆయన మీద కాదు. ఆయన నోట్లోంచి వస్తున్న ఇంగ్లీషు మీద.

పొద్దున్నే నాగేందర్ గడ్డం గీసుకుంటూ అద్దంతో మాట్లాడుతున్నాడు. నేను టీ గ్లాసు పట్టుకుని వంటింటి గడపలో నిలబడి చూస్తున్నాను. అలా దొంగచాటుగా చూడటం నాకు పండగ. చెవి వెనక సబ్బునురగ అంటుకుని ఉంటుంది, ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆర్మూర్ మార్కెట్ యార్డులో దడ్వాయి పని ఆయనది, కాంటా దగ్గర నిలబడి పసుపు బస్తాలు తూచాలి. ఎంత ఉతికినా చొక్కా కాలరు పచ్చగానే ఉంటుంది. సాయంత్రం ఇంటికొస్తే మనిషంతా పసుపు వాసన. నాకు రోజూ పెళ్లిపీటల మీద కూర్చున్నట్టే ఉంటుంది.

"మై నేమ్ ఈజ్ నాగేందర్. ఐ యామ్ ఫ్రమ్ ఆర్మూర్. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. హి హ్యాజ్ టూ ఏకర్స్ ఆఫ్ ల్యాండ్ అండ్ టూ బుల్స్. మై హాబీ ఈజ్ గార్డెనింగ్."

ఊపిరి కూడా తీసుకోకుండా గడగడా చదివేశాడు. రైలు ఆగకుండా స్టేషన్ దాటిపోయినట్టు.

"మామయ్య రైతా?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. "ఎప్పుడొచ్చినవ్ నందూ? గది ఇంటర్వ్యూ కోసం. మా నాయిన రైతు, రెండెకరాల భూమి, రెండెద్దులు ఉన్నయ్ అన్నట్టు."

"అర్థం నాకు తెల్సు. డిగ్రీల నా సబ్జెక్టే ఇంగ్లీషు. మామయ్య హమాలీ అని గదా పెండ్లిసూపులప్పుడు చెప్పిండ్రు? నీ చిన్నప్పుడే పోయిండని?"

"అవ్, పోయిండు. గని భూపతి సార్ రాసిచ్చింది గదే. మా బ్యాచ్‌ల అందరికీ గదే."

భూపతి సార్‌కి బస్టాండ్ దగ్గర బట్టల దుకాణం మీద ఇంగ్లీష్ కోచింగ్ ఉంది. ఊరి బయట పసుపు పొడి కంపెనీ ఒకటి కొత్తగా గోదాము కడుతోంది. బయటి రాష్ట్రాల నుంచి, దేశాల నుంచి వచ్చే కొనుగోలుదారులతో మాట్లాడటానికి ఆ కంపెనీకి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని సార్ బ్యాచ్‌లోంచే తీసుకుంటారట. నాగేందర్‌కి ఆ ఉద్యోగం కావాలి. కావాలంటే మామూలుగా కాదు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన మొహం పిల్లాడి మొహం అయిపోతుంది.

"మరి మన సంగతి మనం చెప్పుకోవచ్చు గదా? ఒక్క మాట మార్చు."

"అమ్మో! ఒక్క మాట మారిస్తే మొత్తం కూలిపోతది. సార్ జెప్పిండు. మనకు దిమాగ్ లేదు నందూ, గందుకే బట్టీ కొట్టుడు."

ఇవాళ వాన లేదు అన్నంత మామూలుగా అన్నాడు ఆ మాట. టీ గ్లాసు అద్దం పక్కన ఠక్కున పెట్టాను.

వసారాలో మా అత్తమ్మ భాగ్యవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. "ఏం లొల్లి బిడ్డా పొద్దుపొద్దున?" అంది లోపలికి తొంగిచూస్తూ.

చెప్పొద్దని నాగేందర్ కళ్లతోనే బతిమాలాడు. నేను చెప్పేశాను. మీ కొడుకు ఇన్నాళ్లుగా అద్దం ముందు చదువుతున్నది ఇదీ అని మాట మాటకూ అర్థం చెప్పాను.

అత్తమ్మ వేళ్లు ఆగిపోయాయి. తునికాకు సగం చుట్టి అలాగే పట్టుకుంది.

"ఎద్దులా? మన ఇంట్ల ఎద్దు ఒక్కటే ఉండె నాగూ. గది మీ నాయిన. ఆయన బస్తాను మోస్తుండో, బస్తా ఆయన్ని మోస్తుందో ఎర్క లేకుంట బతికిండు. ఎవడు గా సారు, లేని భూమి రాసిచ్చెటోడు? గట్లనే పట్టా పాస్‌బుక్ గూడ ఇయ్యమను!"

నాగేందర్ తల దించుకుని చొక్కా వేసుకున్నాడు. టీ తాగకుండానే పోయాడు.

ఆ సాయంత్రమే నేను పాఠం మొదలుపెట్టాను. డాబా మీద చాప వేసి, ఎదురుగా కూర్చోబెట్టాను. సిద్ధులగుట్ట రాళ్ల మీద ఎండ ఎర్రబడుతోంది. చేతిలో మిర్చి బజ్జీల పొట్లం. అసలు కోపం లేకపోతే అది నా జీవితంలోకెల్లా మంచి సాయంత్రం.

"మనం 'నేను బువ్వ తిన్న' అంటం. ఎవరు, దేన్ని, ఏం చేసిండ్రు. చేసిన పని ఆఖర్ల చెప్తం. ఇంగ్లీషోళ్లకు గంత ఓపిక లేదు. ఎవరు అన్నంక ఎంబడే ఏం చేసిండ్రో చెప్పాలె. దేన్ని అన్నది తర్వాత."

బజ్జీ కొరుకుతూ ఆలోచించాడు. "అంటే కాంటా నడుమ, అటొక పల్లెం, ఇటొక పల్లెం."

మా కాలేజీలో ఏ లెక్చరరూ ఇంత బాగా చెప్పలేదు. "అవ్! పని నడుమ. చేసెటోళ్లు ఒకదిక్కు, చేయించుకునేది ఒకదిక్కు. ఇగ చెప్పు."

"ఐ... ఈట్... బజ్జీ."

"శభాష్!"

"నందిని... ఈట్... మై హెడ్."

పొట్లం కాగితం ఉండ చేసి ఆయన మీదికి విసిరాను. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. ఈట్ చివర 'స్' అని చిన్న శబ్దం ఒకటి చేర్చాలి, చెప్పలేదు. అది తర్వాతైనా వస్తుంది. తన తలను తనే తయారుచేసుకున్న వాక్యంలో పెట్టాడు కదా, అది చాలు.

చీకటి పడేలోపు మోయడాన్ని ఏమంటారో, మోశాడు అంటే ఏమవుతుందో అడిగాడు. చెప్పాను. కాసేపు పెదాలు కదిలించాడు.

"మై ఫాదర్ క్యారీడ్ టర్మరిక్."

నాన్న పసుపు మోశాడు. మళ్లీ ఒకసారి అన్నాడు, ఇంకా మెల్లగా.

"ఇంటర్వ్యూల గిదే చెప్పు," అన్నాను.

"వద్దు నందూ. సార్ ఊకోడు."

మరుసటి రోజు నేనే కోచింగ్‌కి పోయాను. భూపతి సార్ మర్యాదగా కుర్చీ వేశాడు, మజ్జిగ తెప్పించాడు. మర్యాద చేసేవాళ్ల మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం, కానీ ఆయన నోరు తెరవగానే ఆ కష్టం తీరిపోయింది.

"గ్రామర్ జెప్తే పారిపోతరమ్మ గీళ్లు. బస్తాల నడుమ తిరిగెటోళ్లకు కర్త, కర్మ, క్రియ ఏం సమజైతయ్? నేను బట్టీ కొట్టిపిస్త, నౌకరీ కొట్టిపిస్త. ఖతం."

"మరి లేని భూమి ఎందుకు సార్?"

"రైతు కొడుకంటే ఇజ్జత్ ఉంటది."

"హమాలీ కొడుకంటే ఉండదా?"

"నన్నడిగితే ఏం జేస్తనమ్మా, లోకాన్ని అడుగు." మజ్జిగ గ్లాసు నా వైపు జరిపాడు. "అయినా తండ్రి ఆయనకు. ఆయనకు లేని కోపం నీకెందుకు?"

మజ్జిగ ముట్టకుండా మెట్లు దిగాను. దారంతా ఆ మాటే కాలిలో ముల్లులా గుచ్చింది. నిజమే, ఆయనకు కోపం ఎందుకు రాదు? ఇంటికొచ్చి అదే అడిగాను.

"ఎవరి మీద రావాలె?" అన్నాడు నాగేందర్, నిజంగానే తెలియనట్టు.

ఆ పూట పప్పులో ఉప్పు వేయలేదు, కావాలనే. "మస్తుంది" అంటూ మారు వడ్డించుకుని తిన్నాడు. మంచితనానికి కూడా ఒక హద్దుండాలి. నేను గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ తోమాను.

ఇంటర్వ్యూ కోచింగ్ హాల్లోనే పెట్టారు. బట్టీ సరిగ్గా అప్పజెప్పేది అందరూ చూడాలని సార్ ఇంటివాళ్లను కూడా పిలిచాడు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. కంపెనీ నుంచి ఒక మేడమ్, ఆమె పక్కన కాగితాలు పట్టుకుని ఒకాయన వచ్చారు.

మొదట గజేందర్ లేచాడు. సిరికొండ వాళ్లబ్బాయి. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, టూ ఏకర్స్, టూ బుల్స్. ఒక్క చోట తడబడలేదు. అతని తండ్రి నిజంగానే రైతు. మేడమ్ ఇంకా రెండు మూడు అడిగింది, వాటికీ బట్టీలోంచే జవాబులు తీశాడు. ఆమె తలాడించింది.

తర్వాత సఫ్వాన్. వాళ్ల అబ్బా మన్సూర్ ఈ వీధిలోనే టైలర్, హాల్లో సగం మంది తొడుక్కున్న చొక్కాలు ఆయన కుట్టినవే. "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. హి హ్యాజ్ టూ ఏకర్స్ ఆఫ్ ల్యాండ్ అండ్..." బెంచీల్లో కిసుక్కుమన్నారు. మేడమ్ పెదవి బిగించి పక్కాయన వైపు చూసింది. ఆయన దగ్గినట్టు చేసి నవ్వు దాచుకున్నాడు.

సఫ్వాన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆపలేదు పాపం, ఎద్దులను చివరిదాకా తోలుకుపోయాడు. కూర్చుంటూ నా వైపు వంగి గుసగుసలాడాడు. "భాభీ, మా అబ్బాకు తెలిస్తే కత్తెరతోని నా నాలుక కోస్తడు."

అప్పుడు నాగేందర్‌ని పిలిచారు. ఆయన ఇంకా నోరు తెరవలేదు, పక్కాయన ఇంగ్లీషులోనే అన్నాడు, "రెండెద్దులే కదా, ఇతనివి కూడా?"

హాలంతా నవ్వింది. నా పిడికిళ్లు బిగుసుకున్నాయి. గాజు ఒకటి పుటుక్కుమంది. పెళ్లిగాజు. దాని లెక్క కూడా భూపతి సార్ ఖాతాలోనే వేసుకున్నాను.

"మై నేమ్ ఈజ్ నాగేందర్. ఐ యామ్ ఫ్రమ్ ఆర్మూర్. మై ఫాదర్..."

ఆగిపోయాడు.

తలుపు దగ్గర నిలబడిన భూపతి సార్ మెల్లగా అందించాడు. "ఈజ్ ఎ ఫార్మర్."

నాగేందర్ ఆయన వైపు తిరిగాడు. "సార్, మీరు జర ఆగున్రి."

గట్టిగా అనలేదు. కానీ సార్ నోరు మూతపడింది.

"మై ఫాదర్ క్యారీడ్ టర్మరిక్," అన్నాడు నాగేందర్ మేడమ్ వైపు తిరిగి. "నో ల్యాండ్. నో బుల్."

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. మేడమ్ నవ్వలేదు. కలం పక్కన పెట్టి, ఈ ఉద్యోగం మీకెందుకు కావాలి అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది.

ఆయనకు ప్రశ్న అర్థమైంది. నాకు తెలుసు, ఎందుకంటే మొహం మళ్లీ పిల్లాడి మొహం అయింది. జవాబు ఉంది ఆయన దగ్గర. పెదాలు కదిలాయి. "ఐ..." అన్నాడు. ఆ తర్వాత రావలసిన మాట కోసం గాలిలో వెతికాడు. మేడమ్ కాసేపు ఆగింది, ఆమె తప్పేం లేదు. బట్టీలో ఆ ప్రశ్నకు ఒక జవాబు ఉంది, ఐ యామ్ ఎ హార్డ్ వర్కర్ అని. దాన్ని మాత్రం ఆయన తీయలేదు. నేను లేచి అందిద్దామనుకున్నాను, కానీ ఏమని అందిస్తాను? ఆయన ఏం చెప్పదలచుకున్నాడో నాకూ తెలియదు.

"థాంక్యూ," అంది మేడమ్.

ఉద్యోగం గజేందర్‌కి ఇచ్చారు.

మెట్ల దగ్గర భూపతి సార్ కాచుకుని ఉన్నాడు. "సూసినవా అమ్మా? నీ గ్రామర్ మీ ఆయన నౌకరీని మింగింది."

నా నోటి దాకా వచ్చిన మాటలు అచ్చు వేసేవి కావు. నాగేందర్ నా చెయ్యి పట్టుకుని కిందికి నడిపించాడు. బండి తీశాడు. ఎప్పుడూ బండి మీద ఏదో ఒకటి కూనిరాగం తీస్తాడు, ఇవాళ లేదు. మా ఇంటి మలుపు వచ్చింది, తిరగలేదు. హైవే ఎక్కాడు. నేను వీపుకి ఆనుకుని కూర్చున్నాను. ఓదార్పు మాటలు వరసగా పేర్చుకుంటున్నాను. పోనీ తియ్యి అంటాడు, ఇంకోటి దొరుకుతది అంటాడు, నేను ఊ కొట్టాలి. ఆ పోనీ తియ్యి వినాల్సి వస్తుందని తలుచుకునే ముందుగా కోపం తెచ్చుకుంటున్నాను.

ఎర్రజొన్న చేను పక్కన బండి ఆపి దిగాడు. నా వైపు తిరిగాడు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు.

"నాకు ఆన్సర్ తెల్సు!" అని అరిచాడు. చేలో పిట్టలు లేచిపోయాయి. "ఆమె అడిగింది సమజైంది నాకు. చెప్పెటిది గూడ ఉంది. మాటల్లేవు! గా మాటలెందుకు నేర్పలే వాడు? ఇన్ని నెలలసంది లేని ఎద్దుల గురించి చెప్పిచ్చిండు నాతోని, లేని ఎద్దులు! దిమాగ్ లేదంటడా? ఎవనికి లేదు దిమాగ్?"

బండి టైరుని తన్నాడు. కాలు నొప్పి పుట్టి ఒంటికాలి మీద గెంతాడు.

నాకు సిగ్గు లేదు, చెప్పేస్తున్నాను. నా మొగుడికి ఉద్యోగం చేజారిన ఆ పూట, హైవే పక్కన దుమ్ములో, నాకు పెళ్లి రోజు కన్నా ఎక్కువ సంతోషమైంది.

"ఏం చెప్దామనుకున్నవ్ మరి?" అన్నాను.

"అడగాలనుంది నందూ." ఇంకా రొప్పుతున్నాడు. "లారీలకు లారీలు పోతది మన పసుపు. పుట్టినకాడికెల్లి చూస్తున్న. గంత పసుపు వాళ్లేం జేస్కుంటరు? తింటరా, పూస్కుంటరా, గోడలకేస్తరా? గా కొనేటోళ్లు వస్తే కూసోబెట్టి అడుగుదామని. గందుకే కావాలె నౌకరీ నాకు."

నేను నవ్వలేదు. నవ్వితే చంపేసేవాడు. "నేర్పుతా పా, ఇంటికి పోయి..."

"ఇంటికి గాదు. ఇప్పుడే చెప్పు."

చెప్పాను. తీసుకోవడాన్ని ఏమంటారో, అంత అనడానికి ఏమంటారో, ప్రశ్నలో ఏ మాట ముందుకొస్తుందో. బండికి ఆనుకుని, గాల్లో వేలితో కాంటా పళ్లేలు గీసుకుంటూ, కోపంగా, పళ్ల మధ్య ఒక్కో మాటనూ కొరికి చూసుకున్నాడు.

నిజామాబాద్ వైపు నుంచి లారీ ఒకటి వస్తోంది. మీద నీలం పట్టా, దాని అంచుల్లోంచి గోనె బస్తాలు కనిపిస్తున్నాయి. నాగేందర్ రోడ్డు అంచుకి పోయి నిలబడ్డాడు. లారీ దగ్గరికి రాగానే రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని గొంతు చించుకుని అరిచాడు.

"యూ టేక్ సో మచ్ టర్మరిక్! వాట్ డు యూ డూ?"

డ్రైవర్ బెదిరి హారన్ కొట్టాడు.