గోపీనాథ్ చేతి బోణీ

బెజవాడ బెంజ్ సర్కిల్‌లో గోపీనాథ్‌ది పెద్ద బట్టల షాపు. రెండేళ్ల క్రితం మల్లీశ్వరి తాను నేసిన చీరల మూటతో పొద్దున్నే ఆ మెట్లెక్కింది.

"ఇంకా బోణీ కాలేదు. అప్పుడే అమ్మడానికొచ్చావా? బయట నిలబడు!" అని కసిరాడతను. మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టి, మూటైనా విప్పనివ్వకుండా, "ఈ నేత చీరలు ఇప్పుడెవరు కడుతున్నారు?" అంటూ పంపేశాడు.

ఆ ఎండ మల్లీశ్వరి ఒంట్లోంచి దిగలేదు. మగ్గం మీద కూర్చున్నా అదే మంట. చీరలు మానేసి కుర్తాల గుడ్డ నేద్దామంటే తమ నేతగాళ్ల వీధిలో ఆడవాళ్లు మొదట నవ్వారు, తర్వాత రంగుల దగ్గర జుట్లు పట్టుకున్నంత పని చేశారు. ఒక్కొక్కరినీ బతిమాలి, తిట్టి, ఎలాగో ఒక్క తాటి మీదికి తెచ్చింది. అందరూ కలిసి వీధి మొదట్లో కొట్టు పెట్టారు. బెజవాడ కాలేజీ పిల్లలకు ఆ గుడ్డంటే పిచ్చి పట్టింది.

ఇవాళ కొట్టు తెరవగానే గోపీనాథ్ కారు దిగాడు.

"మల్లీశ్వరి గారూ, షాపులో అందరూ మీ గుడ్డే అడుగుతున్నారండీ. ఉన్నదంతా నాకిచ్చేయండి. బోణీ నేనే చేస్తా."

"మీ చేతి బోణీ మాకు అచ్చిరాదండీ. అయ్యేదాకా బయట నిలబడండి."

మగ్గాలు ఆగాయి. ఆడవాళ్లంతా గుమ్మాల్లోకొచ్చి చూశారు.

మధ్యాహ్నానికి ఒక టీచరమ్మ వచ్చి బోణీ చేసింది. చెమటతో తడిసిపోయిన గోపీనాథ్ ఆశగా మెట్టెక్కాడు. మల్లీశ్వరి ఒక తువ్వాలు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఎండ గట్టిగానే ఉంది కదండీ? మొహం తుడుచుకుని వెళ్లండి. మీకిచ్చేది ఇదొక్కటే."