దాలమ్మ మీద వాలిన డాలు

నేను ఒక బెత్తపు డాలును. పోలీసులు ఎడమ చేతికి తొడుక్కుని జనానికి ఎదురుగా నిలబడతారే, ఆ డాలును. ఇప్పుడంతా అద్దంలా మెరిసే ప్లాస్టిక్ డాళ్ళు వచ్చాయి కాబట్టి నన్ను చూసి ఇది చేటా, తట్టా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ తప్పేం లేదు. నన్ను అల్లిన ముసలాయన కూడా ఇంచుమించు అలాగే అనుకున్నాడు.

నా మొదటి జ్ఞాపకం నీళ్ళు. ఎక్కడో వాన తెరిపివ్వని కొండల్లో చెట్లను పట్టుకుని పైకి పాకిన తీగను నేను. కోసి, కట్టలు కట్టి, లారీలో తెచ్చి, ఒక ఊరి చివర తొట్టిలో నానబెట్టారు. ఆ నీళ్ళలో పడుకుని, మీదుగా పోయే మబ్బులను చూస్తూ, ఇంకా కొండ మీదే ఉన్నాననుకునేదాన్ని. మేదరి అప్పన్న నన్ను పైకి తీసి, సన్నటి మంట మీద వంచి, ఒళ్ళో పెట్టుకుని అల్లాడు. బతుకంతా బుట్టలూ ఊయల తొట్లూ అల్లిన చేతులవి. డాలు కొత్త. అందుకని ఊయల అడుగు అల్లినట్టే అల్లాడు, మధ్యలో కాస్త లోతుగా, సందుల్లోంచి గాలి ఆడేలా. తరవాత ఎవరో లోపలి వైపు తోలు పట్టీలు బిగించారు. ఎవరో గుర్తు లేదు. అప్పటికింకా నేను సగం నిద్రలోనే ఉన్నాను.

లేచేసరికి గౌరునాయుడి చేతికి ఉన్నాను.

గౌరునాయుడు శ్రీకాకుళం వైపు మనిషి, రిజర్వు పోలీసులో కానిస్టేబులు. పొడుగరి, మాట తక్కువ. ఎక్కడ సభ జరిగినా, ఎక్కడ ధర్నా జరిగినా మమ్మల్నందరినీ వ్యానులో ఎక్కించుకుని తీసుకుపోయేవారు. పోలీసు పనిలో ఎక్కువ భాగం ఎదురుచూడడమేనని నాకు అప్పుడే తెలిసింది. ఆ ఎదురుచూపుల్లో ఆయనకు ఒకటే సరదా, సినిమా. కొత్త బొమ్మ విడుదలైన మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరి ఫోనులోకి దొంగతనంగా తీసిన నకలు వచ్చేసేది. మధ్యలో ఎవరివో తలకాయలు అడ్డం లేచేవి, హాల్లో ఎవరో దగ్గేవారు. అయినా నన్ను ఒడిలో నిలబెట్టి, ఫోను నాకు ఆనించి, నలుగురూ తలలు దగ్గర పెట్టుకుని చూసేవారు. ఆ నీలిరంగు వెలుగు నా సందుల్లోంచి జారిపోతుంటే నాకు మళ్ళీ ఆ తొట్టి నీళ్ళే కళ్ళముందు కదిలేవి.

ఒకసారి డ్రైవరు నవ్వుతూ, దొంగల్ని పట్టుకునేవాళ్ళం మనమే దొంగ సినిమా చూస్తున్నామన్నాడు. గౌరునాయుడు తెర మీంచి కళ్ళు తిప్పకుండానే, "మనం తియ్యలేదు కదా. వచ్చింది సూస్తన్నాం," అన్నాడు. ఆ మాటకు అందరూ తలలూపారు. అది వాళ్ళకు దొంగతనంలా అనిపించేది కాదు.

అసలు దొంగతనం ఎలా ఉంటుందో ఆ నెలలోనే బస్టాండులో చూశాను. ఒక బక్కపలచటి మనిషి ఎవరి సంచిలోంచో ఫోను కొట్టేసి దొరికిపోయాడు. పోగొట్టుకున్న ఆవిడ తన ఫోను తాను తీసుకుని బస్సెక్కి వెళ్ళిపోయింది కూడా. కొట్టడం మాత్రం ఆగలేదు. బస్సుకు టైముందనుకున్నవాళ్ళందరూ వచ్చి తలా ఒకటి వేస్తున్నారు. పళ్ళ బండి మీద మోగుతున్న ఫోనులో మేం వ్యానులో చూసిన సినిమా పాటే వస్తోంది. గౌరునాయుడు జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని నన్ను ఆ మనిషి వీపు మీద కప్పాడు. రెండు చెప్పుదెబ్బలు నాకు తగిలాయి. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, మీరు కొట్టరు, మమ్మల్ని కొట్టనివ్వరని నిష్ఠూరమాడాడు. వ్యానులోకి వచ్చాక గౌరునాయుడు నా మీది చెప్పుల దుమ్ము తుడిచాడు. తుడుస్తూ డ్రైవరుతో, వాడి వీపు నిండా ఎముకలేనని మాత్రం అన్నాడు.

ఆ తరవాత కొన్నాళ్ళకే గెడ్డవలస సంగతి జరిగింది.

గెడ్డవలస హైవేకి ఇటు ఉంటుంది, జీడిపిక్కల బట్టీలు అటు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ పొద్దున్నే రోడ్డు దాటి వెళ్ళి, జీడిపిక్కలు కొట్టి, సాయంత్రం మళ్ళీ దాటి రావాలి. రోడ్డు కిందనించి ఒక దారి తవ్వమని ఏళ్ళుగా అడుగుతున్నారు. ఆ రోజు పనికి వెళుతూ ఈశ్వరి అనే పడుచుపిల్ల లారీ కింద పడి చనిపోయింది. ఊరంతా కదిలి వచ్చి, శవాన్ని రోడ్డు మధ్య పెట్టుకుని కూర్చున్నారు.

మేం చేరేసరికి రెండు వైపులా బస్సులు కనుచూపు మేర ఆగిపోయి ఉన్నాయి. ఎండలో రోడ్డు నీళ్ళలా మెరుస్తోంది. ఆ మెరుపులో తెల్లగుడ్డ కప్పిన పిల్లా, చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళూ తేలుతున్నట్టు కనపడ్డారు. ముందు వరసలో ఉన్న పెద్దావిడ పేరు దాలమ్మ. బట్టీలో ఈశ్వరి పక్కన కూర్చుని పని చేసే మనిషి. జీడి నూనెకు నల్లబడిపోయిన చేతులతో పిల్ల ముఖం మీది ఈగలు తోలుతోంది.

బస్సుల్లోంచి దిగినవాళ్ళు మొదట అయ్యో అన్నారు. కొందరు నీళ్ళ సీసాలు తెచ్చి ఇచ్చారు. ఎండ నెత్తికెక్కిన కొద్దీ ఆ అయ్యోలు పలచబడ్డాయి. ఇందాక నీళ్ళిచ్చినాయనే మా దగ్గరికి వచ్చి, నాలుగు తగిలిస్తే వాళ్ళే లేస్తారని సలహా ఇచ్చి వెళ్ళాడు. చెడ్డవాడు కాడు. ఇంటికి వెళ్ళాలనుకుంటున్నాడు, అంతే.

దారి ఖాళీ చేయించమని ఆర్డరు వచ్చింది. తోపులాట మొదలైంది. ఎవరు ఎవరిని ముందు తోశారో నాకు తెలియదు. లాఠీలు లేచాయి. దాలమ్మ వెల్లకిలా పడిపోయింది. గౌరునాయుడి భుజం వెనకనుంచి ఒక లాఠీ ఆవిడ మీదికి దిగడం ఆయన చూశాడు. చూసీ చూడగానే మోకాళ్ళ మీద పడి నన్ను ఆవిడ మీద వాల్చాడు. లాఠీ నా నడుం మీద పడింది. రెండు బెత్తాలు పుటుక్కున విరిగాయి.

కింద దాలమ్మ ఊపిరి వెచ్చగా తగులుతోంది. జీడి నూనె వాసన. ఆవిడ నా సందుల్లోంచి పైకి చూసింది, ఆయన కిందికి చూశాడు. ఊయల అల్లిన చేతులు నాకు అప్పుడు గుర్తొచ్చాయి.

ఆగిన బస్సు కిటికీలోంచి ఎవరో వీడియో తీశారు. వాళ్ళు ఉన్న వైపునుంచి చూస్తే లాఠీ కనపడదు. కింద పడిన ముసలావిణ్ణి ఒక పొడుగాటి పోలీసు డాలుతో నొక్కేస్తున్నట్టు కనపడుతుంది.

సాయంత్రానికల్లా అది చూడని ఫోను లేదు. గౌరునాయుణ్ణి సస్పెండు చేశారు. నన్ను విచారణ వస్తువుగా స్టేషను గదిలో పెట్టారు. ఆ తరవాతి సంగతులన్నీ కిటికీ దగ్గర జనం మాట్లాడుకుంటుంటే విన్నవే. ఆయన భార్య సుగుణ కుళాయి దగ్గరికి వెళ్ళడం మానేసిందట. తగిలించమన్న బస్సు జనం కూడా ఆ వీడియో చూసి, వీళ్ళు మనుషులేనా అని దాని కింద రాశారట. మా వ్యాను డ్రైవరు ఒకరోజు గౌరునాయుడి ఇంటికి వెళ్ళి, ఆ వీడియో తన ఫోనులోనూ ఉందని ఒప్పుకుని, ఎలా వచ్చిందో తెలియదన్నాడట. గౌరునాయుడు నొచ్చుకోలేదట. "నువ్వు తియ్యలేదు కదా," అని, మధ్యలో ఆగిపోయాడట. వచ్చింది చూశావన్న మిగతా సగం అనలేకపోయాడట.

విచారణకు ఒక అధికారిణి వచ్చింది. గౌరునాయుడు తాను కొట్టలేదన్నాడు, అడ్డం పెట్టానన్నాడు. మరి కొట్టిందెవరని అడిగితే తల దించుకున్నాడు. ఒకే వ్యానులో ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళ పేరు చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. దాంతో ఆయన మొదటి మాట కూడా అబద్ధంలాగే వినపడింది.

ఇక మిగిలింది దాలమ్మ. ఆవిడను పిలిపించిన రోజు కిటికీ బయట అరుగు మీద కూర్చోబెట్టారు. ముందు ఒక పోలీసు వచ్చి మర్యాదగా, టీ చేతికిచ్చి, లాఠీ సంగతి ఎత్తొద్దని, తోపులాటలో పడ్డానని చెప్తే అందరికీ మంచిదని చెప్పి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక ఊరి కుర్రాడు జోగారావు వచ్చి పక్కన కూర్చున్నాడు. ధర్నా నడిపించినవాడు అతనే.

"పెద్దమ్మా, ఇన్నేళ్ళూ మన మాట ఎవలైనా ఇన్నారా? ఆ ఈడియో సూసే కలెక్టరు మనూరొచ్చాడు. నువ్విప్పుడు అది కాదంటే మన దారి పోద్ది," అన్నాడు. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

దాలమ్మ గ్లాసులోని టీ అంతా తాగింది.

"ఈశ్వరి సచ్చిపోయింది నిజమే కదరా," అంది. "ఆ నిజం సాలదేటి మనకి?"

జోగారావు లేచి, ఆవిడ చేతిలోని ఖాళీ గ్లాసు అందుకున్నాడు.

లోపలికి వచ్చి దాలమ్మ కుర్చీలో కూర్చోలేదు. మూలనున్న నన్ను చూసింది. దగ్గరికి వచ్చి, విరిగిన బెత్తాల మీద వేళ్ళు పెట్టి, అధికారిణి వైపు తిరిగింది.

"లాఠీలతో కొట్టినోలు కొట్టినారమ్మా. నా పక్క మనిషికి సెయ్యి ఇరిగింది. ఈ బావు కొట్టలేదు, నాకు అడ్డం పడ్డాడు. దెబ్బ దీనికి తగిలింది, ఇదిగో. రెండూ రాసుకోండి. ఒకటి రాసి ఒకటి ఒగ్గీకండి."

గౌరునాయుడు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. వీడియో ఊరంతా తిరిగినప్పుడు కూడా చెదరని మనిషి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

రెండూ రాశారు. గౌరునాయుడికి ఉద్యోగం తిరిగి వచ్చింది. లాఠీ ఎత్తినవాడెవరో విచారణలో తేలి, వాణ్ణి వేరే జిల్లాకు పంపించారు. పేపర్లో లోపలి పేజీ మూల నాలుగు వరసల వార్త వచ్చింది. వీడియో వెళ్ళిన ఇళ్ళకు ఆ నాలుగు వరసలు వెళ్ళలేదు. గెడ్డవలస దారి జోగారావు భయపడినట్టు ఆగనూ లేదు, ఊరు ఆశపడినట్టు వెంటనే రానూ లేదు. మరో రెండు వర్షాకాలాలు గడిచాక, రోడ్డు కింద చల్లటి చీకటి దారి ఒకటి తయారైంది. పొద్దున్నే అందులో ఆడవాళ్ళ మాటలు గుయ్యిమని మోగుతాయట.

ఇప్పుడు నేను రిజర్వు స్టోరులో ఉన్నాను. పాత బెత్తపు డాళ్ళన్నింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చారు. పైనున్నది నేనే. కిటికీలోంచి వచ్చే ఎండ నా సందుల్లోంచి దిగి, కిందివాళ్ళ మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఎక్కువసేపు నిద్రపోతాను. నిద్రలో తీగనై ఏదో చెట్టు ఎక్కుతుంటాను.

గౌరునాయుడు ఈ స్టోరులోనే పని చేస్తున్నాడు, జుట్టు నెరిసింది. మొన్న దిలీప్ అని కొత్తగా చేరిన కానిస్టేబులు ప్లాస్టిక్ డాలు తీసుకోవడానికి వచ్చాడు. వాన పట్టుకుంటే ఆగాడు. పొద్దుపోక ఫోను తీసి, ఈ పాత వీడియో చూడండి సార్, ఎవడో గానీ ముసలావిణ్ణి ఎలా తొక్కాడో అన్నాడు.

ఇన్నేళ్ళలో గౌరునాయుడు దాన్ని ఒక్కసారీ చూడలేదు. కళ్ళజోడు పెట్టుకుని, చివరిదాకా చూశాడు. ఫోను తిరిగి ఇచ్చి, అది నేనే బాబూ అన్నాడు. అసలేం జరిగిందని దిలీప్ అడిగితే మొత్తం చెప్పాడు, బస్టాండు దగ్గరనుంచి. వాన చాలాసేపు కురిసింది.

దిలీప్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మరి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదా సార్?"

"అడిగినోలందరికీ సెప్పినాను బావూ," అన్నాడు గౌరునాయుడు. "ఇచారనకొచ్చిన అమ్మగోరి తరవాత నువ్వు రెండోవోడివి."