బావి ఏదీ ఉంచుకోదు

ఆ వీధిలో తెల్లవారితే ముందు మోగేది బావి గిలక. తర్వాత పాలావిడ గొంతు. ఆ తర్వాత జాగ్రత్త మామ దగ్గు.

జాగ్రత్త మామకు ఆ పేరు ఊరికే రాలేదు. టమాటా తోటల్లో పురుగుమందు కొట్టేవాళ్ళలో ఆయన చేత చీవాట్లు తినని మనిషి లేడు. మందు సీసాలను ఇంటి గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. బావికి దూరంగా, తోట చివరి పల్లంలో, గచ్చు వేసిన కొట్టు కట్టించి అందులో ఇనప్పెట్టెలో పెట్టేవాడు. తాళంచెవి ఎప్పుడూ ఆయన నడుముకే ఉండేది. సీసా ఖాళీ అయితే మూడుసార్లు కడిగి, ఆ కడుగునీళ్ళు మందు కొట్టే పంపులోనే పోసి, మళ్ళీ ఎవరూ అందులో నూనె పోసుకోకుండా మేకుతో చిల్లులు పొడిచేవాడు.

"మా ఇంట్లో ఒక్క చుక్క ఉండదు, తెలుసా?" అనేవాడు, ఎవరు అడిగినా, అడక్కపోయినా.

జనం వెనకాల నవ్వుకున్నా, ఆయన మాట మాత్రం వినేవాళ్ళు.

తోటలకూ వీధికీ మధ్యన ఉన్న ఆ బావికి ఒక అలవాటుంది. తనది కానిది ఏదీ ఉంచుకోదు. గాజు జారినా, చెప్పు పడినా, తాడు తెగి చేద మునిగినా, మూడో రోజు తెల్లవారేసరికి ఎవరి వస్తువు వాళ్ళ గడప ముందు ఉంటుంది. ఒకసారి పాలావిడ చెంబు ఒరిగి బావిలో పాలు పడితే, మూడో రోజు ఆ చెంబు నిండా పాలున్నాయి, విరక్కుండా. చూసినవాళ్ళు "నీదేనా?" అని అడుగుతారు. "నాదే" అని లోపలికి తీసుకెళ్ళాలి. బావిలో పడ్డవాటిని పైకి లాగే పాతాళగరిగె ఆ వీధిలో ఒక్క ఇంట్లోనూ లేదు. దాని అవసరమేముంది?

ఆ రోజు పొద్దున జాగ్రత్త మామ చిన్న నీలం డ్రమ్ములో మందు పోసి, బావి మోటారు వేసి, గొట్టం పట్టుకున్నాడు. గొట్టం చివర డ్రమ్ముకు మూరెడు పైన ఉండాలన్నది ఆయన పదిమందికి చెప్పే మాటే. కానీ ధార పైనుంచి పడి మందునీళ్ళు కాళ్ళ మీదికి చిందుతున్నాయి. రెండు నిమిషాలే కదా అనుకుని చివరను లోపలికి ముంచాడు. మందు కొట్టే పంపు తెద్దామని కొట్టుకు వెళ్ళాడు. అంతలో కరెంటు పోయింది.

మోటారు ఆగితే గొట్టంలో నీళ్ళు వెనక్కి బావిలోకి జారకుండా ఆపే ఫుట్ వాల్వు పాడై నెలయింది. రేపు రేపంటూ దాన్ని వాయిదా వేసింది కూడా ఆయనే. తిరిగొచ్చేసరికి గొట్టం గుటకలు వేస్తోంది. డ్రమ్ములో సగం లేదు. చుట్టూ నేల మాత్రం పొడిగా ఉంది.

కేక వేయాలి. గిలక దగ్గరున్న ఆడవాళ్ళను ఆపాలి. అరవబోయాడు కూడా. కానీ రేపు ఈ వీధి మొహం ఎలా చూడడం? కంచే చేను మేసిందని నవ్వరూ? మూడు రోజులే కదా, బావి ఎలాగూ తిరిగిచ్చేస్తుంది అనుకున్నాడు. అలా అనుకున్నాక కాస్త ఊపిరాడింది.

సాయంత్రం ఇంటికి రెండు క్యాన్ల నీళ్ళు మోసుకొచ్చాడు.

"ఇదేంటి, ఇంటి ముందే బావి పెట్టుకుని?" అంది భార్య.

"నాకు పొట్ట బాగుండట్లేదు. నువ్వు కూడా ఇవే తాగు."

"సర్లెండి, రాజభోగం!"

మర్నాడు పాలావిడ దూడ నోట నురగ కక్కుతూ కూలబడింది. వీధిలో ముగ్గురు నలుగురికి వాంతులు. ఎండదెబ్బ అన్నారు. జాగ్రత్త మామ దూడ పక్కన చాలాసేపు నిలబడ్డాడు. ఇంకొక్క రోజే, అనుకున్నాడు.

మూడో రోజు వెలుగు రాకముందే తలుపు తీశాడు. కొట్టులో పెట్టి తాళం వేసిన నీలం డ్రమ్ము గడప ముందు ఉంది, తెల్లటి మందునీళ్ళతో. ఎవరూ చూడకముందే ఈడ్చుకెళ్ళి కొట్టులో పెట్టాడు. నాదే అని అనలేదు. జాగ్రత్తపరుడు కదా, చెంబుతో కొలిచాడు. తిరిగొచ్చింది పోయినదానికంటే నాలుగు చెంబులు తక్కువ.

బావిలో ఉన్నదంతా బావి ఇచ్చేసింది. మరి ఆ నాలుగు చెంబులు ఎక్కడున్నాయో ఆయనకు అర్థమైంది.

ఇంటికి పరుగెత్తాడు. భార్య పొయ్యి దగ్గర గోడకు చేరబడి ఉంది. క్యాన్లు కనబడలేదు.

"దర్జీ కోడలికిచ్చాను," అంది. "నెల తప్పింది కదా, పాపం, ఏం తాగినా వాంతే. ఆ నీళ్ళు పడుతున్నాయంది. నాకేం, బావినీళ్ళు గటగటా తాగితేగానీ దాహం తీరదు." గ్లాసు అందుకోబోయింది. చేతి వణుకుకు అది జారి దొర్లింది.

ఆస్పత్రిలో డాక్టరు కనురెప్పలు ఎత్తి చూసి, "పురుగుమందు ఏమైనా తగిలిందా?" అని అడిగాడు.

"మా ఇంట్లో ఒక్క చుక్క ఉండదండీ," అన్నాడు జాగ్రత్త మామ. ఇన్నేళ్ళ అలవాటు. మాట దానంతటదే వచ్చేసింది.

సాయంత్రానికి ఆయనే డాక్టరు చెయ్యి పట్టుకుని మందు పేరు చెప్పాడు. ఒక్క పూటే ఆలస్యం. ఆమెకు ఆ పూట మిగల్లేదు.

ఆమెను కాటికి సాగనంపిన మూడో రోజు పొద్దున, ఆయన తలుపు తీసేసరికి గడప ముందు ఆమె స్టీలు గ్లాసు ఉంది. నిండా తెల్లటి నీళ్ళు. వాసన ఆయనకు కొత్తది కాదు.

వీధిలో ఇంకా ఎవరూ లేరు. గ్లాసు తీసుకెళ్ళి కొట్టులో పెట్టడం ఎంతసేపు? ఆయన వంగాడు కూడా. నాలుగు చెంబుల్లో ఆమె ఒంట్లోకి పోయింది ఈ ఒక్క గ్లాసే. మిగతాది ఇంకా ఈ వీధిలోనే తిరుగుతోంది, నీళ్ళు తోడుతూ, పాలు పోస్తూ, పిల్లలకు జడలేస్తూ. అదీ ఇలాగే, ఒక్కో గ్లాసుగా, ఈ గడపకే వస్తుంది.

చెయ్యి వెనక్కి తీసుకుని గ్లాసు పక్కనే కూర్చున్నాడు.

గిలక మోగింది. పాలావిడ క్యాను ఎత్తుకుని వచ్చింది. మూడు రోజులుగా ఆమె చెయ్యి కూడా సన్నగా వణుకుతోంది.

"మామా, పొద్దున్నే ఇక్కడ కూర్చున్నావేం? ఇది అత్త గ్లాసు కదూ?" అంటూ వంగింది. వాసన తగిలి ఆగిపోయింది. గ్లాసునూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత ఆ వీధిలో అందరూ అడిగే మాటే అడిగింది, చాలా నెమ్మదిగా.

"నీదేనా?"

బావి దగ్గర గిలక ఆగింది. అందరూ ఇటే చూస్తున్నారు.

"నాదే," అన్నాడు జాగ్రత్త మామ. "క్యాను దించమ్మా. దూడ సంగతి తర్వాత. అందర్నీ పిలువు, ఆస్పత్రికి పోదాం. మందు పేరు నాకు తెలుసు."