మిగిలిన కన్ను

మూడో పడకకు దుప్పటి మార్చి, చేతులు కడుక్కుని, సౌభాగ్యమ్మ టార్చిలైటు అద్దాన్ని కొంగుతో తుడిచింది. సంగారెడ్డిలోని ఆ చిన్న దవాఖానలో ఆమె నర్సుగా చేరిననాడు పటాన్‌చెరు దారి పొడుగునా జొన్నచేలే. ఇప్పుడేమో ఫ్యాక్టరీలు! అప్పుడు కొడవలి గీసుకుని వచ్చిన మనుషులే ఇప్పుడు ఇనుము మీదపడి వస్తున్నారు. ఆమె మటుకు అదే తెల్లచీర, అదే వార్డు, అదే నడుంనొప్పి.

నాలుగో పడక మీద కొమురయ్య. ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో హమాలి. నిన్న సాయంత్రం క్రేను కొక్కెం కుడి కనుబొమ్మకు తగిలింది. పడిపోతుంటే ఎడమ కణత నేల మీది ట్రాలీ పట్టాకు కొట్టుకుంది. లేచి, దులుపుకుని, ఇంటికి నడిచి పోయాడు. మగాడు కదా మరి! తెల్లారి వాంతులు మొదలైతే భార్య సోమమ్మ బస్సెక్కించి తీసుకొచ్చింది.

సౌభాగ్యమ్మ కుడికంట్లో వెలుగు వేసింది. కంటిపాప ఇంత పెద్దగా తెరుచుకుని ఉంది, చలించలేదు. మళ్లీ వేసి చూసింది, అంతే. తల లోపల నెత్తురు చేరి మెదడును నొక్కితే పాప అలాగే బిగుసుకుపోతుంది. కానీ ఇతగాడు మాట్లాడుతున్నాడు, మంచినీళ్లు అడుగుతున్నాడు. అప్పుడు కనిపించింది, రెప్ప మీద పచ్చటి మరక.

"ఏం పెట్టినవ్ బిడ్డా?"

"వాపుకు ఉమ్మెత్తాకు నూరి కట్టిన. జెర రసం కంట్ల వడ్డది. తప్పా అమ్మా?" అంది సోమమ్మ.

డాక్టరు ప్రభుదాసు వచ్చి చూసి నిట్టూర్చాడు. "ఉమ్మెత్త రసం పడితే పాప రెండు మూడు రోజులు ముడుచుకోదు. ఆ కన్ను ఇగ మనకేం చెప్పదు. తలలో ఏమైతున్నదో ఎడమకన్నొక్కటే చెప్పాలె. చూస్తనే ఉండు సౌభాగ్యమ్మా. తేడా వస్తే పట్నం పంపుదాం."

ఎడమకన్ను చక్కగా పలికింది. వెలుగు పడగానే పాప ఆవగింజంత అయింది, తీయగానే విచ్చుకుంది. ఎన్ని వేలసార్లు చూసినా ఆమెకు ఒళ్లు జలదరిస్తుంది. ఎవరు చెబుతున్నారు దానికి? నిద్రలో ఉన్నా, తాగి పడున్నా, దొరైనా దొంగైనా, వెలుగొచ్చిందంటే లోపల ఎవరో లేచొచ్చి తలుపు దగ్గరికేస్తారు. మనిషి తలను అంత గట్టిగా మూసిన దేవుడు, తొంగి చూసుకోమని ఇంత సందు వదిలాడు. ఎంత గొప్పవాడివయ్యా తండ్రీ! భర్త సొలొమోను పోయిన రోజు కూడా ఆమే టార్చి వేసింది. రెండు కళ్లూ వెలుగంతా తాగేశాయి, లోపల్నించి ఎవరూ రాలేదు. సమాధి అయిన మూడోనాడే డ్యూటీకి వచ్చేసింది. ఇంట్లో కూచుని ఏం చేస్తుంది?

మందులిస్తూ, కట్లు కడుతూ, మధ్యమధ్య నాలుగో పడక దగ్గరికి వచ్చి పోతూనే ఉంది. మధ్యాహ్నానికి కొమురయ్య గురక పెట్టాడు. సోమమ్మ ముఖం విప్పారింది.

"రాత్రంత కన్ను మూయలె. ఇప్పుడే మంచిగ పన్నడు. లేపకమ్మా, నీ కాల్మొక్త."

పెళ్లాం బతిమాలుతుంటే మొగుడి రెప్ప లాగడం ఎవరికి బాగుంటుంది చెప్పండి? కానీ ఆ గురక సౌభాగ్యమ్మకు నచ్చలేదు. తలకు దెబ్బ తగిలినవాడి గురక నిద్రే కానక్కర్లేదు.

"లేపనే బిడ్డా. జెర తొంగి చూస్త."

ఎడమపాప కదిలింది, బద్ధకంగా. సగం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ వేస్తే ఇంకా ఆలస్యం చేసింది. సౌభాగ్యమ్మ నడుంనొప్పి సంగతే మరిచి పరుగెత్తింది.

"డాక్టర్ సాబ్, ఎడమది గుడ పోతున్నది!"

ప్రభుదాసు అన్నం చేత్తోనే లేచి వచ్చాడు. ఒక్కసారి చూసి జీపు తీయమని కేకేశాడు. కొమురయ్యను చేతుల మీద ఎత్తుకుపోయి వెనక సీట్లో పడుకోబెట్టారు. సోమమ్మ గుండెలు బాదుకుంది.

"నేనే పానం తీసిన్నా అమ్మా?"

"నువ్వు మేలు చేద్దామనే కట్టినవ్. ఏడ్వకు, ఎక్కు, జల్దీ!"

జీపు గేటు దాటి పోయింది. సౌభాగ్యమ్మ ఆరో పడకకు సూది వేయడానికి వెళ్లింది. 

డ్యూటీ దిగినా ఇంటికి కాళ్లు సాగలేదు. దీపాలు పెట్టే వేళకు జీపు తిరిగొచ్చింది. డ్రైవరు అంజయ్య రోజూ ఆమెను 'టార్చి సిస్టరు' అని ఆటపట్టించే మనిషి. ఇవాళ దిగి, ముందు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"చెప్పరాదయ్యా, నా పానం పోతున్నది!"

"తల తెరిసి నెత్తురుగడ్డ తీసిండ్రమ్మా. బయటికి తెచ్చినంక పట్నం డాక్టరు ఎడమకంట్ల లైటేసిండు. నన్ను గుడ సూడమన్నడు. మనిషికి సోయి లేదు, కదుల్తలేడు. గాని ఆ నల్లచుక్క సిన్నగైంది! నా ఒంటి మీద ఎంటికలు లేసినయి. బతుకుతడన్నరు. ఏందమ్మా అది?"

"నాకు మాత్రం ఏం తెలుసు అంజయ్యా," అంది సౌభాగ్యమ్మ. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

ఇంటికి పోయే ముందు నాలుగో పడక సర్దుదామని వంగింది. మంచం కింద కొమురయ్య టైరు చెప్పులున్నాయి, బొటనవేళ్ల దగ్గర గుంటలు పడి, అంచుల నిండా ఇనుప పొడి అంటుకుని. వచ్చినప్పుడు తొడుక్కుంటాడని వాటిని జతగా సర్ది అక్కడే ఉంచింది.