తొట్టెకు చేరని పిలుపు

“భద్రతా ఒప్పందం కుదరలేదు.” కంప్యూటర్ తెర మీద మళ్లీ అదే మాట. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో తన వంటింటి బల్ల ముందు కూర్చున్న ఇంగున్‌కు ఒళ్లు మండింది.

ఆమె రాసిన ప్రోగ్రామ్ ఇక్కడినుంచి పిలిస్తే, చేపలు పెంచే దీవిలోని కంప్యూటర్ మొదట ఆ పిలిచింది ఎవరో రుజువు చూసుకుంటుంది. నమ్మకం కుదిరాకే సాల్మన్ చేపపిల్లల తొట్టెలోకి ఆక్సిజన్ వదులుతుంది. ఈ ఆదివారం పొద్దుటినుంచి అది ఎవర్నీ నమ్మడం లేదు. తొట్టె కాపలాదారు స్వెర్రె ఆక్సిజన్ మీటను చేత్తో తిప్పుతున్నాడు. అవతలి ఒడ్డున చర్చిలో ఇవాళ అతని మనవరాలికి బాప్తిస్మం. పడవ రేవులో సిద్ధంగా ఉంది. ఈ చిక్కు విడేదాకా అతను తొట్టె వదిలి కదల్లేడు.

“ఇంకా కాలేదా తల్లీ?” ఫోన్లోంచి స్వెర్రె గొంతు. “సూటు వేసుకుని చేపలకు ఊపిరి పోస్తున్నా. ఎవరైనా చూస్తే వాటికి పెళ్లనుకుంటారు.”

“కాస్త ఓపిక పట్టండి స్వెర్రె గారూ.”

పాత రుజువు పారేసి కొత్తది తెప్పించింది. రహస్య సంకేతం మార్చింది. దీవిలోని కంప్యూటర్ ఆపి మళ్లీ వెయ్యమంటే స్వెర్రె అలాగే చేశాడు. అదే మాట. లేచి కిటికీ దాకా వెళ్లింది, వచ్చింది. కాఫీ పోసుకుంది, తాగడం మరిచింది. నిన్న సాయంత్రం దాకా బాగానే పలికిందే!

“నీకు నిద్ర చాలలేదేమో,” అన్నాడు స్వెర్రె జాలిగా. “వేసవి సమయం మొదలై, దేశమంతా గడియారం ముందుకు జరిగి, రాత్రి ఒక గంట మింగేసిందిగా. నేను లేవగానే గడియారాలన్నీ ముందుకు జరిపేశా. వంటగదిలోది, పడవల షెడ్డులోది, ఆఖరికి ఇక్కడి నీ కంప్యూటర్ డబ్బాలోది కూడా. అదొక్కటే గంట వెనక కూర్చుంది, సోమరిది.”

ఇంగున్ చెయ్యి ఆగిపోయింది. మొన్న శరత్కాలంలో బిగించినప్పుడు, ఏడాదంతా శీతాకాలపు లెక్కలోనే నడిచేలా దాన్ని పెట్టింది తనే. ప్రతి రుజువు మీదా పంపిన వేళ ఉంటుంది; గడియారం ముందుకు జరిగాక తను పంపే తాజా రుజువు దాని కంటికి గంట కిందటిది. ఎవడో దొంగ పాతది తెచ్చి చూపిస్తున్నాడని తిప్పికొడుతోంది.

“స్వెర్రె గారూ, దాన్ని మళ్లీ గంట వెనక్కి జరపండి. అది సోమరి కాదు, నేనే అలా పెట్టాను.”

“అయితే సోమరి ఎవరో తెలిసింది.” నవ్వుతూనే మీటలు నొక్కిన చప్పుడు.

ఇంగున్ మళ్లీ పిలిచింది. తెర మీద కాసేపు ఏమీ రాలేదు. ఫోన్లో బుస్సుమని శబ్దం.

“నేను మీట ముట్టుకోలేదు తల్లీ! ఆక్సిజన్ దానంతటదే వస్తోంది!”

“పరిగెత్తండి!”

అతను ఫోన్ పెట్టెయ్యడం కూడా మరిచాడు. తలుపు చప్పుడు, బూట్ల చప్పుడు, “ఆగరా హోకున్, నన్నొదిలి పోకు!” అన్న కేక. దూరంగా పడవ మోత. అది కదలకుండా ఉన్నచోటే గురగురలాడుతోంది. పడవవాడు ఆగాడు.

పడవ కదిలి దాని మోత సన్నగిల్లేదాకా ఇంగున్ ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. అయినా మనసు ఒక చోట నిలవలేదు. తొట్టెను మళ్లీ పిలిచింది. పలికింది. ఇంకోసారి పిలిచింది.