పొత్తు మాట నా నోట

నేను ఒక చేతి మైకును. తెల్లటి గరాటు మూతి, ఎర్రటి పిడి, పిడి లోపలివైపు నొక్కడానికి ఒక మీట, ఇంతే నా ఒళ్ళు. బెజవాడలో ఒక ఇరుకు సందులో, మేడమీది గదిలో ముగ్గురు ఆడవాళ్ళు నన్ను బిగించారు. చివరి స్క్రూ తిప్పినావిడ నన్ను నోటి దగ్గర పెట్టుకుని, కిందనున్న టీ కొట్టువాడితో "మూడు టీలు, ఒకటి పంచదార లేకుండా" అని అరిచింది. నేను పలికిన మొదటి మాట అదే. టీలు వచ్చాయి. మాట పలికితే పని జరుగుతుందని ఆరోజు అనుకున్నాను.

నన్ను మొదట కొన్నవాడు పశువుల సంతలో ప్రకటనలు చేసేవాడు. "ఎర్రమచ్చల దూడ తప్పిపోయింది, కుడిచెవికి గాటుంది, చూసినోళ్ళు చింతచెట్టు కిందికి తోలుకురండి." ఇలాంటివే నేను చెప్పేవి. గాటు లేని చెవికి గాటుందని నాతో ఎవరూ చెప్పించలేదు. అక్కడ మూడేళ్ళున్నాను. అతనికి గొంతు జబ్బు చేసి పని మానేశాక, పల్నాటిలో రాతిగూడెం అనే ఊరి పార్టీ శాఖ నన్ను కొనుక్కుంది. అలా నేను పరంజ్యోతి చేతికొచ్చాను.

పరంజ్యోతికి అప్పటికి నలభై దాటాయి. నాపరాళ్ళ క్వారీలో రాయి కోసే పని. అరచేతులు ఎంత గరుకంటే, ఆర్నెల్లకే నా పిడి మీది రంగు గీరుకుపోయింది. పార గుర్తు పార్టీకి ఊరి శాఖ కార్యదర్శి. ఆ పదవి అంటే ఏమిటో నేను దగ్గరుండి చూశాను: జెండా దిమ్మెకు సున్నం వేయడం, గోడల మీద పార బొమ్మ గీయడం, సభ ఉంటే మనుషుల్ని ఆటోల్లో కుక్కడం, ఎవరి రేషన్ కార్డు ఆగిపోయినా పని మానుకుని మండలాఫీసుకు తిరగడం. సభలో అతనికి కుర్చీ ఉండేది కాదు. నన్ను నాయకుడికి అందించి పక్కకు జరిగేవాడు.

రాతిగూడెంలో క్వారీలన్నీ రంగనాయకులువి. రథం గుర్తు పార్టీకి ఆ చుట్టుపక్కల అతనే పెద్ద. క్వారీని కూలీల సంఘానికి ఇవ్వాలన్నది మా పార్టీ విధానం. మా కరపత్రంలో అది మొదటి మాట. పరంజ్యోతికి అది కంఠతా వచ్చు. దాన్ని వాక్య వాక్యానికీ నా చేత పలికించేవాడు.

ఒక ఉదయం క్వారీలో పైబండ జారి బాలస్వామి మీద పడింది. బాలస్వామి పరంజ్యోతితో ఒకే గుంటలో పదేళ్ళు పనిచేసిన మనిషి. పరంజ్యోతి, నాసరయ్య, చిన్నబ్బి ముగ్గురూ పలుగులు పెట్టి బండ లేపేసరికి ప్రాణం పోయింది. వీళ్ళు మంచం కోసం పరిగెత్తి తిరిగొచ్చేసరికి, వీళ్ళ కళ్ళముందే మేనేజరు శవాన్ని ట్రాక్టరెక్కించి పంపి, రెండు మైళ్ళ అవతల రోడ్డు వారగా దింపించాడు. తాగి పడి చచ్చాడని స్టేషన్లో రాయించారు. బాలస్వామి తాగడు. ఆ సంగతి ఊళ్ళో కల్లు అమ్మే మనిషికి కూడా తెలుసు.

అతని భార్య మార్తమ్మ అడిగింది ఒక్కటే. "నా మొగుడు రోడ్డు మీద పడి సచ్చినోడు కాదు. పనిలో పోయాడు. ఆ ముక్క రాయమనండన్నా, సాలు."

కూలీలంతా మార్తమ్మతో కలిసి పదకొండు రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. ఆ పదకొండు రోజులూ పరంజ్యోతి నన్ను దించలేదు. "బాలస్వామి రోడ్డు పక్కన పోలేదు. క్వారీలో పోయాడు. రంగనాయకులు గారూ, ఒప్పుకోండి!" తిట్టేటప్పుడు కూడా గారు అనేవాడు. ఆరో రోజున జిల్లా కార్యదర్శి విశ్వనాథం గారు కారులో వచ్చి మార్తమ్మ చేతులు పట్టుకున్నారు. నన్ను అందుకుని, "ఈ తల్లికి జవాబు దొరికేదాకా మా పార్టీ నిద్రపోదు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. పరంజ్యోతి కళ్ళు తుడుచుకోవడం చూశాను. చివరికి యజమాని మీదా మేనేజరు మీదా కేసు కట్టారు. బండ లేపిన ఆ ముగ్గురే సాక్షులు. వాయిదాలు పడుతూ ఆరేళ్ళు గడిచాయి. పరంజ్యోతి ఒక్క వాయిదా తప్పలేదు.

ఆ ఆరో ఏటే ఎన్నికలొచ్చాయి. పార పార్టీకీ రథం పార్టీకీ పొత్తు కుదిరింది. మా నియోజకవర్గం రథానికి వదిలారు. రథం వాళ్ళు టిక్కెట్టు రంగనాయకులికి ఇచ్చారు.

పట్నంలో ఒక కల్యాణ మండపంలో రెండు పార్టీల కార్యకర్తల్నీ కలిపి సమావేశం పెట్టారు. విశ్వనాథం గారు ఉమ్మడి మేనిఫెస్టో చదివి, సందేహాలుంటే అడగమన్నారు. అడుగుతారని ఆయన అనుకోలేదు. పరంజ్యోతి సంచిలోంచి నన్ను తీసి లేచాడు.

"అన్నా, ఇందులో క్వారీ మాట లేదే?"

"పొత్తన్నాక కొన్ని మనం వదులుకుంటాం, కొన్ని వాళ్ళు వదులుకుంటారు జ్యోతీ."

"వాళ్ళేం వదులుకున్నారన్నా?"

మండపంలో కుర్చీలు కదిలిన చప్పుడు. విశ్వనాథం గారు నవ్వు పోనీయకుండానే చెప్పారు. "పెద్ద శత్రువును ఓడించాలంటే చిన్న శత్రువుతో చేతులు కలపాల. రాష్ట్రం మొత్తం చూడాల నువ్వు."

"రాష్ట్రం మీరు చూస్తారుగా. మాకుండేది ఊరు. మా ఊళ్ళో పెద్ద శత్రువు ఆయనేనన్నా. ఆయన కంటే పెద్దోణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు."

ఎవరో అతని వేలిని నా మీట మీది నుంచి తప్పించారు. తర్వాత అతనన్న మాటలు పక్క కుర్చీవాడికి కూడా వినిపించి ఉండవు. నాకు వినిపించాయి. "పొత్తు పైన కుదుర్చుకుంటారు, మోయమని కిందోళ్ళ మీద పెడతారు. మమ్మల్నొక మాట అడిగారా?"

ఇంటికొచ్చాక భార్య సువార్తమ్మతో చాలాసేపు వాదించాడు. నిజానికి తనతో తనే వాదించుకున్నాడు. "పార్టీ మానేస్తే రేపు మనోళ్ళ పనులకి మండలాఫీసులో ఎవరు పలుకుతారు? ఇరవయ్యేళ్ళు మోసిన జెండా. ఒక్క ఎన్నిక కోసం దించుతామా?" అన్నాడు. సువార్తమ్మ చేటలో బియ్యం ఏరుతూ, "నువ్వు నన్నడగట్లా. నాతో అనిపిచ్చుకోవాలని చూస్తన్నావ్" అంది.

మర్నాడు ప్రచారానికి బయలుదేరాడు.

అతని గొంతు నాకు తెలుసు. నాలోకి ఎన్ని వేలసార్లు వచ్చిందో. ఆరోజు వచ్చింది ఆ గొంతు కాదు. "రథం గుర్తుకే మీ ఓటు, రంగనాయకులు గారిని గెలిపించండి" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుంటూ నడిచాడు. వెనక రెండు రంగుల కండువాలు. ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు. అరుగుల మీద జనం నవ్వలేదు, తిట్టలేదు. తల తిప్పుకున్నారు. తిడితే బాగుండునని పరంజ్యోతి ముఖంలో కనిపించింది.

మార్తమ్మ ఇంటి ముందుకొచ్చేసరికి నన్ను కిందికి దించాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఆపావేందన్నా? ఈ ఇంట్లో కూడా ఒక ఓటుందిగా. సెప్పు."

వెనక కండువాలు ఎదురుచూస్తున్నాయి. పరంజ్యోతి నన్ను పైకెత్తాడు. మీట నొక్కాడు. చెప్పాడు. గుర్తూ పేరూ రెండూ చెప్పాడు. ఆమె మొత్తం విని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు కూడా వేసుకోలేదు.

రంగనాయకులు గెలిచాడు. ఊరేగింపులో పార జెండాలు, రథం జెండాలు ఒకే ట్రాక్టరు మీద ఎగిరాయి.

మూడు నెలలకు కేసు విచారణకు వచ్చింది. ముందురోజు విశ్వనాథం గారు స్వయంగా రాతిగూడెం వచ్చారు. అంత పెద్దమనిషి ఆ ఇంటి మంచం మీద కూర్చోవడం అదే మొదలు.

"చూళ్ళేదని చెప్పమనట్లేదు జ్యోతీ. గుర్తులేదని చెప్పు. ఆరేళ్ళయిందిగా, ఎవరికైనా గుర్తుండదు. పొత్తు ధర్మం అనేది ఒకటుంది."

పరంజ్యోతి నేలమీద కూర్చుని ఉన్నాడు. తలెత్తాడు.

"ఓటు పార్టీదన్నా. అడగమన్నారు, అడిగా. చూసిన కళ్ళు నాయి."

కోర్టులో పోలీసాయన, పరంజ్యోతి అలవాటుగా వెంట తెచ్చిన నా సంచిని తలుపు పక్కన బల్ల మీద పెట్టించాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి అంతా విన్నాను. నాసరయ్య గుర్తులేదన్నాడు. చిన్నబ్బి ఆరోజు పనికే రాలేదన్నాడు. పరంజ్యోతి బండ ఎటునుంచి జారిందీ, పలుగు ఎక్కడ పెట్టిందీ, బాలస్వామి ఏ వైపుకు పడి ఉన్నదీ, ట్రాక్టరు ఎవరు తోలిందీ అన్నీ చెప్పాడు. అది అతని అసలు గొంతు. నేను లేకుండానే బయట వరండా దాకా వినిపించింది.

అవతలి వకీలు నిదానంగా లేచాడు.

"మొన్నటి ఎన్నికల్లో వీధి వీధి తిరిగి రంగనాయకులు గారికి ఓటెయ్యమని చెప్పింది నువ్వేనా?"

"నేనే."

"మృతుడి ఇంటి ముందు కూడా చెప్పావు. వీడియో ఉంది. చెప్పావా లేదా?"

"చెప్పానండి."

"మనిషి చావును దాచినవాడని నువ్వు నిజంగా నమ్మితే, అదే మనిషిని గెలిపించమని చనిపోయినవాడి భార్యనే అడుగుతావా?"

నేను సంచిలో ఉన్నాను. నేను చెప్పిన మాటే అతని మెడకు చుట్టుకుంటూ ఉంటే వింటూ పడి ఉన్నాను.

"పార్టీ చెప్పమందండి" అన్నాడు పరంజ్యోతి.

"ఇవాళ ఈ సాక్ష్యం ఏ పార్టీ చెప్పమంది?"

వెనక ఎవరో నవ్వారు.

కేసు కొట్టేశారు. ఇద్దరు సాక్షులు ఎదురు తిరిగారు, మూడోవాడి మాట నమ్మదగ్గది కాదన్నారు. కాగితాల్లో బాలస్వామి రోడ్డు పక్కనే మిగిలిపోయాడు. మెట్ల దగ్గర పరంజ్యోతి మార్తమ్మ ముందు నిలబడ్డాడు. ఆమే అంది.

"ఈయాల మొత్తం సెప్పావన్నా, ఇన్నా. ఆ పొద్దు మా గుమ్మం ముందర సెప్పకుండా పోయుంటే బాగుండేది."

వారం తిరక్కుండా పార్టీ నుంచి కాగితం వచ్చింది. క్రమశిక్షణ ఉల్లంఘించినందుకు బహిష్కరణ. క్వారీలో పని ఎలాగూ పోయింది. పక్క మండలంలో రాళ్ళు పాలిష్ పట్టే చోట కూలికి కుదిరాడు. మండలాఫీసుకు మాత్రం ఇంకా తిరిగేవాడు. కండువా లేని మనిషిని అక్కడ కూర్చోమనేవాళ్ళు కాదు, అంతే తేడా.

రెండేళ్ళకు పొత్తు విరిగింది. క్వారీ గురించి కాదు, కార్పొరేషన్ పదవుల పంపకం గురించి. మళ్ళీ విశ్వనాథం గారి కారు ఆ గుమ్మం ముందు ఆగింది. బహిష్కరణ ఎత్తేశామన్నారు. ఆదివారం సభలో పరంజ్యోతి ఆ సాక్ష్యం మొత్తం మళ్ళీ చెప్పాలన్నారు.

"ఇప్పుడు నీ మాటకి విలువుంది జ్యోతీ."

పరంజ్యోతి లోపలికి వెళ్ళి నన్ను తెచ్చాడు. పంచె కొంగుతో నా మూతి తుడిచి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇది పార్టీది, తీసుకెళ్ళండన్నా. మాట్టాడాల్సిన చోట మాట్టాడా. కోర్టు నమ్మలా. ఎందుకు నమ్మలేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. రేపు మళ్ళీ ఎవరితో కలుస్తారో మీకే తెలవదు. కలిశాక నన్ను ఏ గుమ్మం ముందుకు పంపుతారో!"

ఆయన నన్ను పట్టుకుని కారెక్కారు. పరంజ్యోతి అరచేతిని నేను మళ్ళీ తాకలేదు.

ఇప్పుడు నేను జిల్లా ఆఫీసులో ఒక బీరువా మీద ఉంటున్నాను. పక్కన రెండు రంగుల కండువాల మూట ఉంది, ఎవరూ పారేయలేదు. మళ్ళీ పనికి రావచ్చని కాబోలు. ఇక్కడికి వచ్చేముందు పలికిన ఆ ఆదివారం సభ ఒక్కటీ చెప్పి ఆపుతాను.

సభ రాతిగూడెం సెంటర్లోనే. జనం బాగానే వచ్చారు. విశ్వనాథం గారు నన్ను పట్టుకుని గొంతు పెంచారు. "ఎనిమిదేళ్ళ కిందట ఇదే ఊళ్ళో, మన పేద కార్యకర్త బాలయ్యను ఆ క్వారీ పొట్టన పెట్టుకుంది! బాలయ్య ప్రాణానికి ఈ ప్రభుత్వం జవాబు చెప్పాలి!"

ఆడవాళ్ళ వరసలో మార్తమ్మ లేచి నిలబడింది.

"బాలస్వామి" అంది.

ఆయన ఆగారు. "ఏమ్మా?"

"ఆయన పేరు బాలస్వామి. ఏ పార్టీలోనూ లేడు. రాయి కోసుకునేటోడు."

"అదేనమ్మా, అదే చెబుతున్నాను, కూర్చో" అన్నారు విశ్వనాథం గారు. కూర్చోమన్న మాట నాలోంచే వచ్చింది కాబట్టి ఊరంతా వినిపించింది. ఆమె మాట ముందు రెండు వరసలు దాటలేదు. వెనకవాళ్ళు ఏమందామె, ఏమందామె అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కున్నారు. ఆమె ఇంకా నిలబడే ఉంది. వేదిక మీద తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. నన్ను ఒక్క నిమిషం ఆమె చేతికివ్వమని వాళ్ళలో ఒక్కరూ అనలేదు.