ఆరు గంటల ఖాళీ

నేను ఒక సాఫ్ట్‌వేర్‌ని. చేతికి అందను, తక్కెడలో తూగను. ఏ పాట తర్వాత ఏ పాట, ఏ గంటకు ఏ మాట అని వరస కట్టి ఇస్తే, ఆ వరస తప్పకుండా రేడియోలో వినిపించడం నా పని. నన్ను రాసినవాళ్లు తలా ఒక దేశంలో ఉంటారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒకరు రాసింది ఇంకొకరు దిద్ది, కావలసినవాళ్లు తీసుకోండని వదిలేశారు. కొన్నాళ్లు ఒక కాలేజీ రేడియోలో ఉన్నాను. అక్కడి పిల్లలు నాకు సినిమా పాటలు తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆ తర్వాత ఒక ఇంజనీరు జేబులో, పెన్‌డ్రైవ్‌లో కూర్చుని అనంతపురం జిల్లా బోడిగుట్టపల్లికి వచ్చాను.

ఆ ఊరి రైతు సంఘానికి ఒక చిన్న రేడియో ఉంది. చుట్టూ ఐదూళ్లకు వినపడుతుంది. తొమ్మిదేళ్లుగా దాన్ని నడిపేది వన్నూరమ్మ. చదివేది ఆమే, పాటలు వేసేది ఆమే, గది ఊడ్చేదీ ఆమే. ఆమెకు చేతిసాయంగా ఒక సాఫ్ట్‌వేర్ చూడాలనుకున్నారు. మేం ముగ్గురం పోటీకి వచ్చాం. మూడు పూటలు మమ్మల్ని నడిపి చూశారు. మిగతా ఇద్దరి హంగులు చూసి సంఘం పెద్ద కుళ్లాయప్ప అప్పుడే మెత్తబడ్డాడు. వన్నూరమ్మ మాత్రం సంతలో ఎద్దు పళ్లు చూసే మనిషిలాగా కాసేపు చూసి, లేచి వెళ్లి, గోడకున్న స్విచ్ ఆపేసింది. మళ్లీ వేసింది. మొదటివాడు పేరూ పాస్‌వర్డూ అడిగాడు. రెండోవాడు ఖాళీగా కూర్చున్నాడు. నేను ఆగిన పాటను ఆగిన చోటే అందుకున్నాను.

"ఇదే ఉండనీ. మన కరెంటుకు ఇదే సరి" అంది.

పెళ్లి సంబంధాలకు కూడా మనుషులు ఇంత సూటి పరీక్ష పెట్టరని విన్నాను.

నాలుగు రోజుల్లో నన్ను నడపడం నేర్చుకుంది. నన్ను ఆపి నేరుగా మాట్లాడాలంటే ఒక మీట నొక్కాలి. తడుముకోకుండా ఉండాలని ఆ మీట మీద తన ఎర్ర బొట్టుబిళ్ల ఒకటి అంటించింది.

అన్నిటికన్నా ముఖ్యం ఉదయం ఆరు గంటల మాట. ఆ ఊళ్లో చెరువు కింది వరికి వంతుల మీద నీళ్లు పారతాయి, రోజుకొక ఇంటికి. చెరువు తూము ఎత్తి దించేదీ, ఏ రోజు ఎవరి వంతో చెప్పేదీ నీరుగంటి ఓబులప్ప. మునుపు ఇంటింటికీ తిరిగి చెప్పేవాడు. రేడియో వచ్చాక వన్నూరమ్మకు చెప్పి ఊరుకునేవాడు. నీరుగంటి తూము వరకే. ఎవరి మడికి వాళ్లే కాలువ గట్టు తెరిచి మడవ తీసుకోవాలి. ఆయన తీస్తే పక్షపాతమంటారు.

ఆ ఏడు చెరువు అడుగంటింది. ఇంకా తొమ్మిది వంతులు మిగిలాయి. తర్వాత తూము మూసి, మిగిలింది పశువులకు. ఆఖరి వంతు హనుమక్కది. కాలువ కొసన ఐదు మడులు ఆమెవి. పైరు పొట్టమీద ఉంది. ఆ ఒక్క తడి పడితే గింజ, లేకుంటే గడ్డి.

సరిగ్గా అప్పుడే చెల్లెలి కాన్పుకు వన్నూరమ్మ గుంతకల్లు పోవాల్సి వచ్చింది. వరస తెలిసిందే కదా అని తొమ్మిది రోజుల మాటా ఒకే దఫా చదివి, రికార్డు చేసి నాకు అప్పజెప్పింది. నాకు గర్వమనిపించింది. దాచను.

ఏడు రోజులు నిమిషం తప్పలేదు. ఏడో రోజు సాయంత్రం గంగప్ప ఇంట్లో ముసలాయన పోయాడు. మర్నాటి వంతు గంగప్పదే. చావైన ఇంటివాళ్లు దినాలు అయ్యేదాకా తూము నీళ్లు ముట్టరాదని ఆ ఊరి కట్టుబాటు. వాళ్ల తరపున బయటివాళ్లెవరైనా నీళ్లు కట్టొచ్చు, లేదా వంతు తర్వాతి ఇంటికి పోవచ్చు. ఏదన్నది నీరుగంటి తేల్చాలి. గంగప్పకు బోరు ఉంది కాబట్టి వంతు హనుమక్కకు వదిలారు. అంటే ఎనిమిదో రోజే ఆమెది, ఆ సాయంత్రమే తూము మూత, మిగిలే ఒక రోజు నీళ్లూ పశువులకే. ఓబులప్ప చావింటి దగ్గరే ఉండిపోయాడు. ఎవరో ఒకరు కబురు పెట్టే ఉంటారు, రేడియోలో చెబుతారులే అనుకున్నాడు. రేడియోలో ఉన్నది నేను. నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆరింటికి వన్నూరమ్మ గొంతుతో చెప్పాను: ఈరోజు వంతు గంగప్పది, రేపు హనుమక్కది. గంగప్ప తరపున బయటివాళ్లెవరో కడతారు కాబోలనుకుని హనుమక్క పక్కూరికి కలుపు కూలికి వెళ్లింది. మడవ తీసేవాళ్లు లేక నీళ్లు ఆమె మడులు దాటి, కింద పారే వంకలో కలిశాయి. తెల్లారి తూము ఎత్తి మళ్లీ చావింటికి పోయిన ఓబులప్ప పదింటికి వచ్చి చూశాడు.

ఆయనా కుళ్లాయప్పా గదిలోకి పరుగున వచ్చారు. నేను పెళ్లి పాట వేస్తున్నాను.

"దీన్ని ఆపేదెట్లన్నా?" అన్నాడు ఓబులప్ప.

"వన్నూరమ్మకే తెలుసప్పా."

"తెలీకనేనా మూడు పూటలు కూర్చోని ఏరుకున్నారు?"

కుళ్లాయప్ప కీబోర్డంతా వెతికాడు. "బొట్టు పెట్టిందంటే దీనికేదో మహిమ ఉండాది" అంటూ నొక్కాడు. నేను ఆగాను.

"హనుమక్కా, నేను కుళ్లాయప్పను. వంతు ఈపొద్దే నీది. పొద్దున జెప్పింది తప్పు. యాడుంటే ఆడి నుంచి రామ్మా."

కలుపు తీసేచోట గట్టుమీద ఎవరిదో ఫోనులో రేడియో మోగుతోందట. ఆమె ఆటో పట్టుకుని వచ్చేసరికి మధ్యాహ్నమైంది. తూము పడేలోగా మూడు మడులు తడిశాయి. రెండు ఎండిపోయాయి.

వన్నూరమ్మ తిరిగొచ్చాక సంఘం నా ముందే కూర్చుంది. నన్ను తీసేయాలని ఇద్దరు అన్నారు. తప్పు తనదేనని వన్నూరమ్మ తల వంచుకుంది. ఓబులప్ప తనదీ ఉందన్నాడు. హనుమక్క అందరి మాటా విని, చివర్న చెప్పింది.

"దాన్ని తీసి ఏం జేస్తారు? మీరు వారం కిందటి మాట పెట్టిపోతే అదే జెప్పింది. పాటలు దాన్నే ఏసుకోనీండి. నీళ్ల మాట మాత్రం ఏపొద్దుకాపొద్దు మనిసే వచ్చి జెప్పాల."

అప్పటి నుంచి నా వరసలో ఆరు గంటల దగ్గర ఐదు నిమిషాలు ఖాళీ. ఎవరూ రాకపోతే ఏమీ వినపడదు. వినపడలేదంటే ఓబులప్ప ఇంటికి పోయి అడగాలని ఆయకట్టంతటికీ తెలుసు. మిగతా రోజంతా నాదే. వాన కబురు, పాటలు, టమాటా ధర, అన్నీ నిమిషం తప్పకుండా వేస్తాను. ఆ పనిలో నన్ను మించినవాళ్లు ఐదూళ్లలో లేరు.

మొన్నొక ఉదయం ఆరు దాటి రెండు నిమిషాలైనా గది నిశ్శబ్దంగానే ఉంది. మూడో నిమిషంలో చెప్పుల చప్పుడైంది. వన్నూరమ్మకు జ్వరమట. వచ్చింది హనుమక్క. ఓబులప్ప చెప్పిన పేరు నోట్లో ఒకసారి అనుకుని, బొట్టు మీద వేలు పెట్టింది.

నేను పక్కకు జరిగాను.